గుమ్మడికాయ కొట్టని ఇల్లు

ప్రాణం పోతోందని నాకు మొదటిసారి అనిపించింది జూబ్లీ హిల్స్‌లో ఒక బంగళా పోర్టికోలో. షూటింగులకి అద్దెకిచ్చే బంగళా అది. తొంభైల మొదట్లో అక్కడ అలాంటివి చాలా ఉండేవి. ఆ రోజు సినిమాకి ఆఖరి రోజు. మావాళ్లకి ఒక ఆచారం ఉంది. షూటింగ్ మొత్తం పూర్తయిన రోజు గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, కెమెరాకి దిష్టి తీసి, నేలకేసి కొడతారు. గుమ్మడికాయ కొట్టేశారంటే ఇక ఆ సినిమా అయిపోయినట్టే. నేను క్రైస్తవుణ్ణే గానీ, నేను పనిచేసిన ఏ సినిమాకీ నేను పక్కన లేకుండా గుమ్మడికాయ పగల్లేదు. తర్వాత పంచే మిఠాయి కూడా మొహమాటపడకుండా తింటాను.

కాయ పగిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రొడక్షన్ మేనేజరు నా భుజం మీద చెయ్యేసి, "రత్నం, ఇక కంటిన్యుటీ గొడవ లేదుగా, బట్టలన్నీ చాకలికి వేయించెయ్" అన్నాడు. ప్రతి సినిమాకీ వినే మాటే అది. కానీ ఆ పూట ఆ మాట చెవిన పడగానే గుండె గుభేలుమంది. ఛాతీ బిగుసుకుపోయింది, అరచేతులు చెమటలు పట్టాయి, ఊపిరి లోపలికి పోవడం లేదు. చేతిలో హీరోయిన్ చీరల మూట ఉంది. దాన్ని కింద పెట్టడానికి కూడా చేతులు విడిపడలేదు. చచ్చాన్రా దేవుడా అనుకుని మెట్ల మీద కూలబడ్డాను.

నా పేరు యేసురత్నం. చీరాల దగ్గర మాది. కాస్ట్యూమర్‌ని. మద్రాసులో పని నేర్చుకుని, పరిశ్రమ ఇటు కదిలాక భార్యనీ కూతుర్నీ తీసుకుని కృష్ణానగర్లో ఒక వాటాలో దిగాను. కాస్ట్యూమర్ అంటే బట్టలు ఇస్త్రీ చేసేవాడనుకుంటారు చాలామంది. వాళ్లకి ఒక దణ్ణం. అసలు పని కంటిన్యుటీ. హీరోయిన్ ఈరోజు బురదలో పడే సీను తీస్తారు. బురదతో ఆవిడ ఇంటికి చేరే సీను రెండు నెలల తర్వాత ఫిల్మ్ నగర్లో వేసిన సెట్లో తీస్తారు. ఆ రెండు నెలలూ ఆ చీర ఉతక్కూడదు. మరక మరకగానే, ముడత ముడతగానే ఉండాలి. మూట కట్టి పెట్టెలో పెట్టి, ఎవడైనా దాని మీద చెయ్యి వేస్తే చెయ్యి విరగ్గొట్టాలి. ఆ పనిలో నన్ను మించినవాడు లేడని అనేవారు. ఆ మాటకి నేనూ కొంచెం పొంగేవాణ్ణి.

మెట్ల మీదనుంచి నన్ను కంపెనీ కారులో ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఈసీజీ తీశారు, నార్మల్. రక్తం తీశారు, నార్మల్. తర్వాత ఎకో అన్నారు, టీఎంటీ అని బెల్టు మీద పరిగెత్తించారు, గ్యాస్ అయ్యుండొచ్చని ఎండోస్కోపీ గొట్టం కూడా మింగించారు. అన్నీ నార్మలే. కార్డియాలజిస్టు కాగితాలు తిరగేసి, "కార్డియాక్‌గా మీకు ఏ ప్రాబ్లమూ లేదండీ, హాయిగా ఇంటికెళ్లండి" అన్నాడు. హాయిగా ఇంటికెళ్లాను. తర్వాతి సినిమాకి గుమ్మడికాయ కొట్టిన రోజు మళ్లీ అదే జరిగింది. ఈసారి నలుగురి ముందూ వాంతి కూడా చేసుకున్నాను.

రెండోసారి ఆ కార్డియాలజిస్టే ఇది ప్యానిక్ ఎటాక్ అయ్యుంటుందని, సైకియాట్రిస్టుని కలవమని చీటీ రాశాడు. నాకు ఒళ్లు మండింది. "ఎర్రగడ్డకి పంపిస్తున్నారా నన్ను?" అన్నాను. హైదరాబాదులో ఎర్రగడ్డ అంటే పిచ్చాసుపత్రి అని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఆయన తలెత్తకుండా, ఎర్రగడ్డలో ఉన్నదీ ఆసుపత్రే, అక్కడున్నదీ నాలాంటి డాక్టర్లే, కాకపోతే మీకు మీ ఇంటికి దగ్గర్లో ఉన్న క్లినిక్ రాశాను అన్నాడు. నా భయం వేరే. సెట్లో ఈ మాట పొక్కితే నా చేతికి బట్టలెవరిస్తారు? "మతి చెడినవాడికి కంటిన్యుటీ అప్పజెప్పారటండీ" అని ఒక్కడు అంటే చాలు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు నవ్వుకున్నా నన్ను చూసే అనుకునేవాణ్ణి.

అంతకంటే పెద్ద భయం ఇంట్లో ఉంది. నా కూతురు స్వర్ణ అప్పుడు ఇంటర్ చదువుతోంది. నాకు ఇలా అవుతుండగానే, తను చీరాలలో వాళ్ల పెద్దమ్మ దగ్గరికి వెళ్లి చదువుకుంటానని పోరుపెట్టింది. కారణం అడిగితే ఊరికే అనేది. నా భార్య మార్త పోయి అప్పటికి రెండేళ్లు. కామెర్లు ముదిరి పదిరోజుల్లో పోయింది. ఇక స్వర్ణ కూడా వెళ్లిపోతే ఆ రెండు గదుల్లో నేనూ ఫ్యానూ మిగులుతాం. నా జబ్బు తగ్గితే తను ఆగుతుందేమోనని సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాను. నా గుండె కోసం కాదు.

సైకియాట్రిస్టు మంచివాడే. నెమ్మదిగా విన్నాడు, నిద్రా ఆకలీ ఎలా ఉన్నాయో అడిగాడు, మాత్రలు రాశాడు. ఒకటి రోజూ వేసుకునేది, దాని పని తెలియడానికి కొన్ని వారాలు పడుతుందట. ఇంకొకటి ఎటాక్ వచ్చినప్పుడు మాత్రమే. మాత్రలతోపాటు కౌన్సెలింగ్ కూడా కావాలని, అదే క్లినిక్‌లో కూర్చునే సైకాలజిస్టు మేడమ్ దగ్గరికి పంపాడు. మేడమ్‌ది కరీంనగర్ వైపు. మామూలుగా మాట్లాడుతూనే మధ్యలో వాళ్ల యాసలోకి వెళ్లిపోయేది. అలా వెళ్లినప్పుడే ఆవిడ నాకు డాక్టరులా కాకుండా మనిషిలా కనిపించేది.

మొదట్లో మాకు పొసగలేదు, నిజం చెప్తున్నాను. మనసు ప్రెషర్ కుక్కర్ లాంటిదని, ఆవిరి పోనివ్వకపోతే సేఫ్టీ వాల్వు ఎగిరిపోతుందని చెప్పింది. మా ఇంట్లో కుక్కర్ లేదండీ, గంజి వార్చుకుంటాం అన్నాను. ఇంకో వారం, ఇంజిన్ వేడెక్కితే కారు ఆపి నీళ్లు పోస్తాం కదా అంది. నాకు కారు లేదు, సిటీ బస్సులో వస్తాను, అది వేడెక్కినా డ్రైవరు ఆపడు అన్నాను. ఇంకొకరైతే ఫైలు మూసేసేవారు. ఆవిడ నవ్వేసింది.

"నా మాటలు పక్కన పెడదాం. మీ పనిల మీరెట్ల మాట్లాడుకుంటరో అట్ల చెప్పుండ్రి. ఎటాక్ వచ్చినప్పుడు ఎట్లుంటది?"

నేను ఆలోచించలేదు. మార్జిన్ వదలకుండా కుట్టిన జాకెట్టు తొడిగి, హుక్కులన్నీ పెట్టేసి, ఇప్పుడు గాలి పీల్చు అన్నట్టుంటుంది అన్నాను. మార్జిన్ అంటే ఏంటని అడిగింది. జాకెట్టు కుట్టేటప్పుడు పక్క కుట్ల లోపల రెండు వేళ్ల గుడ్డ మడిచి వదులుతాం, ఆర్టిస్టు ఒళ్లు చేస్తే కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చు, అదే మార్జిన్. ఆవిడ ఆ మాట పట్టుకుంది. అప్పటిదాకా ఆవిడ చెప్పిన బ్రీతింగ్ ఎక్సర్‌సైజు నాకు చాదస్తంగా ఉండేది. నెమ్మదిగా గాలి వదులుతూ ఒక్కొక్క కుట్టూ విప్పుతున్నట్టు అనుకోమంది. అలా చేస్తే కుదిరింది. కుక్కరుకి తగ్గనిది కుట్టుకి తగ్గింది.

కానీ ఎటాకులు పూర్తిగా పోలేదు. అప్పుడు మేడమ్ ఇంకో ప్రశ్న మొదలుపెట్టింది, ఇది ఎప్పుడెప్పుడొస్తోంది అని. గుమ్మడికాయ రోజున అన్నాను. ఆవిడకి ఆ ఆచారం అంతా చెప్పాను. ఇంట్లో ఎప్పుడైనా వచ్చిందా అంది. ఒకసారి వచ్చింది. స్వర్ణ తలుపు వెనక కొక్కేనికి ఉన్న చీర తీసి బకెట్లో వెయ్యబోయినప్పుడు. ఏ చీర అంది. మార్త ఆసుపత్రికి వెళ్లే పొద్దున మార్చుకుని తగిలించిన ఆకుపచ్చ చీరాల చీర. ఇంకా అక్కడే ఉందా అంది. ఉంటుంది మరి, ఎక్కడికి పోతుంది అన్నాను. ఇంకా ఏమేం ఉన్నాయని అడిగింది. చెప్పుకుంటూ పోయాను. గుమ్మం పక్కన మార్త చెప్పులు, అద్దం దగ్గర పౌడరు డబ్బా మూత తీసి ఉన్నట్టే, దువ్వెన. బియ్యం డబ్బా ఆవిడ పెట్టిన చోటే. స్వర్ణ సామాను అటూ ఇటూ జరిపితే మళ్లీ యథాస్థానంలో పెట్టిస్తాను. ఇదంతా నాకు వింతగా లేదు. నేను బతికేదే ఆ పని చేసి.

మేడమ్ అవన్నీ కాగితం మీద రాసుకుంది. తర్వాత అసలు సంబంధం లేనట్టు అడిగింది.

"ఒక సినిమా సగం అయినంక అండ్ల చేసే ఆర్టిస్టు చనిపోయిందనుకోండ్రి. ఆమె బట్టలు మీ పెట్టెల ఉన్నయ్. ఏం చేస్తరు?"

అది నాకు తెలిసిన సంగతే, మద్రాసులో ఒకసారి జరిగింది కూడా. ఏముందండీ, కథ మారుస్తారు అన్నాను. రెండు మూడు షాట్లు డూపుని వెనకనుంచి చూపించి లాక్కొస్తారు, తర్వాత ఆ పాత్ర లేకుండా రాసుకుంటారు. మరి బట్టలు అంది. వాటికిక కంటిన్యుటీ ఉండదు కదండీ, ఆవిడ ఇక రాదని తెలిశాక ఎవరి కోసం దాచాలి, ఉతికించేసి స్టాకులో…

అక్కడ ఆగిపోయాను. నా మాట నాకే వినిపించింది. రెండేళ్లలో మొదటిసారి ఏడ్చాను, అదీ పరాయి ఆడమనిషి ముందు, ముక్కు కారుతూ. మార్త పోయిన నాలుగో రోజే పనికి వెళ్లాను. వెళ్లక తప్పలేదు, ఆ సినిమా కంటిన్యుటీ అంతా నా ఒక్కడి బుర్రలోనే ఉంది. సెట్లో పని ఆగలేదు గనక ఇంట్లోనూ ఆగలేదన్నమాట. ఆవిడ సీను ఇంకా బాకీ ఉన్నట్టు అన్నీ కాపలా కాశాను. మేడమ్ ఆ మాటలేవీ తను అనలేదు. నీళ్ల గ్లాసు ఇటు జరిపింది, అంతే. తనే చెప్పి ఉంటే కుక్కరుని తోసేసినట్టే దాన్నీ తోసేసేవాణ్ణి.

ఇక్కడితో కథ సుఖాంతం అనుకునేరు. కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని మనవాళ్లు ఊరికే అనలేదు. నాకు జబ్బు అర్థమైపోయింది, ఇక తగ్గిపోయినట్టే అనుకున్నాను. మాత్రలు ఆపేశాను, ఎవర్నీ అడక్కుండానే. ఆ వారంలోనే ఒక సెలవు రోజు స్వర్ణ కాలేజీకి వెళ్లాక నడుం బిగించాను. మార్త చీరలన్నీ తీశాను, కొక్కేనికున్న ఆకుపచ్చదానితో సహా. ఉతికాను, గంజి పెట్టాను, ఇస్త్రీ చేశాను. చెప్పులూ దువ్వెనా పారేశాను. చీరలూ జాకెట్లూ మూట కట్టి మా చర్చిలో స్త్రీల సమాజం చూసే రాహేలమ్మ గారికి ఇచ్చేసి వచ్చాను, లేనివాళ్లకి పంచమని. ఎంత తేలిగ్గా ఉందో! గుమ్మడికాయ ఒక్కటే తక్కువ, అదీ కొడదామనుకున్నాను.

సాయంత్రం స్వర్ణ వచ్చి తలుపు వెనక చూసింది. అద్దం దగ్గర చూసింది. నేను పెద్ద ఘనకార్యం చేసినట్టు కంటిన్యుటీ సంగతంతా చెప్పుకొచ్చాను. అది అరవలేదు. అరిచినా బావుండేది.

"ఇన్నాళ్లు ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు ముట్టుకోడానికి లేకుండా చేశావు" అంది.

వారం తిరక్కుండా పెద్దమ్మ దగ్గరికి చీరాల వెళ్లిపోయింది. పరీక్షలకి వస్తానంది. నేను ఆపలేకపోయాను. ఏ మొహంతో ఆపను?

ఆ తర్వాత ఎటాకులు గుమ్మడికాయ కోసం కూడా ఆగలేదు. బస్సులో వచ్చాయి, కొట్టు దగ్గర వచ్చాయి, ఖాళీ కొక్కేన్ని చూస్తే వచ్చాయి. తల తిరుగుడు, ఒళ్లంతా కరెంటు పాకినట్టు జివ్వుజివ్వుమనడం. సైకియాట్రిస్టు కోప్పడ్డాడు. "అర్థమవడం వేరు, తగ్గడం వేరండీ. ఈ టాబ్లెట్ సడన్‌గా ఆపకూడదు. నేను ఆపమన్నప్పుడు కొంచెం కొంచెంగా ఆపుతాం" అన్నాడు. తల వంచుకుని మళ్లీ మొదలుపెట్టాను.

మేడమ్ దగ్గర మాత్రం తల వంచలేదు, మీ వల్లే ఇదంతా అని ఎగిరాను. కథ మార్చమని మీరే గదా చెప్పారు అన్నాను. ఆవిడ ఓపిగ్గా విని, నేను చెప్పలే, మీరు చెప్పిన్రు అంది. నిజమే. ఆ పోలిక నాకు దారి చూపించింది గానీ, నేను దాన్ని డైరెక్టరు ఆర్డరులా తీసుకున్నాను. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం అలవాటైన బతుకు కదా. అప్పుడు మేడమ్ అంది:

"గుమ్మడికాయ కొట్టిన్రు, మంచిదే. కానీ ఆ ఇంట్ల ఇంకో ఆర్టిస్టున్నది గద. ఆమె సీన్లు అయినయా అని అడిగిన్రా?"

అడగలేదు. కాస్ట్యూమర్ అన్నవాడు చెయ్యకూడని తప్పు అదొక్కటే. ఒక్క ఆర్టిస్టు సీను మిగిలి ఉన్నా మూట విప్పకూడదు. పని నేర్చుకున్న మొదటి వారంలో నా గురువు చెప్పిన మాట అది.

చీరాల వెళ్లాను. వదిన, అంటే మార్త అక్క, నన్ను చూసి ఒక మాట కూడా అనకుండా అన్నం పెట్టింది. అందుకు ఆవిడకి జీవితాంతం రుణపడి ఉంటాను. పెరట్లో స్వర్ణ పక్కన కూర్చుని, మేడమ్ నన్ను అడిగినట్టే అడిగాను, నాకు అమ్మ పోవడం సినిమా ఆగిపోయినట్టుంది, నీకు ఎలా ఉందే అని. అది చెప్పింది, స్కూల్లో ఉన్నప్పుడు మ్యూజియానికి తీసుకెళ్లారట, అక్కడ అన్నిటి ముందూ తాకరాదు అని బోర్డులు ఉండేవట. రెండేళ్లు ఆ మ్యూజియంలో అన్నం తిని, అక్కడే పడుకున్నట్టు ఉందట. "నాకు అమ్మ చీర దాచుకోవాలని లేదు నాన్నా. కట్టుకోవాలని ఉంది" అంది.

ఒకే చీర గురించి ఒకే ఇంట్లో ఇద్దరం రెండు కథలు పెట్టుకుని బతికామని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. ఈసారి ఇద్దరం ఏడ్చాం. వదిన తలుపు దగ్గరికొచ్చి చూసి మళ్లీ లోపలికి వెళ్లింది.

హైదరాబాదు వచ్చాక రాహేలమ్మ గారి గుమ్మం తొక్కాను. ఇచ్చినవి తిరిగి అడగడం ఎంత నామోషీయో మీకు చెప్పక్కర్లేదు. చీరలు దాదాపు అన్నీ పంచేశారు. ఆకుపచ్చది మాత్రం మిగిలింది. దాని జాకెట్టు ఎవరికీ సరిపోలేదట, మార్త సన్నటి మనిషి, అందుకని జత విడదీయకుండా ఉంచారట. ఆవిడ ఆ రెండూ పేపర్లో చుట్టి ఇస్తూ, ఏంటి బాబూ అని కూడా అడగలేదు.

స్వర్ణ పరీక్షలకి వచ్చింది. వచ్చాక మళ్లీ వెళ్లలేదు. డిగ్రీ ఇక్కడే చదివింది. నా చికిత్స సుమారు రెండేళ్లు సాగింది. మాత్ర సగం చేసి, ఆ సగాన్నీ రోజు మార్చి రోజు చేసి, చివరికి డాక్టరే ఆపాడు. మధ్యలో ఒకసారి తిరగబెడితే మళ్లీ పెంచాడు కూడా. ఇప్పటికీ గుమ్మడికాయ రోజున ఛాతీలో కొంచెం పట్టేసినట్టు ఉంటుంది. బయటికొచ్చి టీ తాగుతూ, మేడమ్ చెప్పినట్టు కుట్లు విప్పుకుంటాను. సెట్లో అందరికీ నా సంగతి తెలుసు, నేనే చెప్పేశాను. ఎవరూ పని మానిపించలేదు. పైగా ఇద్దరు లైట్‌మెన్ పక్కకి పిలిచి ఆ క్లినిక్ ఎక్కడని అడిగారు.

నాలాంటి అవస్థలో ఉండి ఇది చదువుతున్నవాళ్లకి ఒకటే చెప్తాను. లోపల ఎలా ఉందని డాక్టరు అడిగితే డాక్టరు మాటలు వెతుక్కోకండి. మీరు వంటచేసేవాళ్లైతే వంట మాటల్లో చెప్పండి, లారీ నడిపితే లారీ మాటల్లో చెప్పండి. మీ చేతికి అలవాటైన మాటలోనే మీ జబ్బు దొరుకుతుంది. దొరికాక మాత్రలు మానెయ్యకండి, ఇంట్లోవాళ్ల మీద అది రుద్దకండి. వాళ్లకెలా ఉందో అడగండి.

పోయిన ఏడాది స్వర్ణకి యూసఫ్‌గూడలో ఒక స్కూల్లో టీచరుగా ఉద్యోగం వచ్చింది. మొదటి రోజుకి అమ్మ చీర కట్టుకుంటానంది. జాకెట్టు తిప్పి చూశాను. నేనే కుట్టింది, నేనే మర్చిపోయాను. మార్త ఏనాడూ ఒళ్లు చెయ్యలేదు గానీ, ఆర్టిస్టులకి వదిలినట్టే తనకీ పక్క కుట్లలో రెండు వేళ్ల మార్జిన్ వదిలాను. కుట్లు విప్పి మళ్లీ కుట్టాను. కూతురికి అతికినట్టు సరిపోయింది.

సాయంత్రం స్కూలునుంచి వచ్చి చీర మార్చుకుని, ఏమీ ఆలోచించకుండానే, దాన్ని తలుపు వెనక అదే కొక్కేనికి తగిలించింది. అంచుకి సుద్దముక్క పొడి, కుచ్చిళ్లకి ఎవరో పిల్ల చేతి సిరా మరక. ఛాతీ ఒక్కసారి పట్టేసింది. కాసేపు నిలబడి ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత తీసి బకెట్లో నానబెట్టాను. కట్టిన చీర ఉతకాలి కదా.